చిన్న కంపెనీకి సేల్స్ మనిషి: నియామకం, జీతం, కమిషన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

వేరే కంపెనీలకు సరుకో సేవో అమ్మే చిన్న సంస్థల యజమానులు మొదటి సేల్స్ ఉద్యోగి విషయంలో అడిగే సందేహాలు ఇంచుమించు ఇవే. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. లెక్కల్లో ఏ దేశపు డబ్బూ పెట్టలేదు. 100 అన్నచోట మీ అంకె వేసుకోండి.

## పెట్టుకునే ముందు

నాకు అమ్మడం చేతకాదు. అందుకే మనిషిని పెట్టుకుందామనుకుంటున్నా. తప్పేముంది?

చేతకాకపోవడం తప్పేం కాదు. కానీ ఒక్కసారి కూడా అమ్మి చూడకుండా ఇంకొకరికి అప్పగిస్తే డబ్బు తగలేసుకున్నట్టే. ఎవరు కొంటున్నారు, ఏ మాటకి చెవి ఒగ్గుతున్నారు, ధర వినగానే ఏమంటున్నారు, ఆ కంపెనీలో సంతకం పెట్టేదెవరు, డబ్బు విడుదల చేసేదెవరు, ఇవన్నీ కనుక్కోవాల్సింది యజమానే. "ఈ ఒక్కటి మారిస్తే కొంటాం" అని కస్టమర్ అన్నప్పుడు అక్కడికక్కడ మార్చగలిగేది మీరొక్కరే కాబట్టి. జీతానికి వచ్చిన మనిషి మీరు వేసిన దారిలో మీకన్నా వేగంగా నడవగలడు. లేని దారి వేయగలిగినవాళ్లు చాలా అరుదు, వాళ్లు సాధారణంగా సొంత కంపెనీయే పెట్టుకుంటారు.

ముందు పరిచయం లేని కస్టమర్లు కనీసం ఐదారుగురు, దాదాపు ఒకే కారణంతో, దాదాపు ఒకే ధరకి కొన్నాక మనిషి కోసం వెతకండి. పాత స్నేహం మీద వచ్చిన ఆర్డర్లు ఈ లెక్కలోకి రావు.

ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి?

మొదటి ఫోన్ నుంచి ఆర్డర్ దాకా మీ దగ్గర సగటున నాలుగు నెలలు పడుతుందనుకోండి. కొత్త మనిషి మీ సరుకు నేర్చుకోవడానికి రెండు నెలలు. ఆర్డర్ ఇచ్చిన కంపెనీ 60 రోజుల అరువు అడుగుతుంది. అంటే అతని చేతి మీదుగా తొలి డబ్బు మీ ఖాతాలో పడేసరికి ఎనిమిది నెలలు, అదీ ఎక్కడా ఆలస్యం కాకపోతే. ఈ లెక్కకి ఇంకో మూడు నెలలు కలిపి, అన్ని నెలల జీతం, ప్రయాణాలు, ఫోను, సాఫ్ట్‌వేర్ ఖర్చు పక్కన పెట్టుకుని దిగండి. "మూడు నెలల్లో తన జీతం తనే సంపాదించుకుంటాడు" అనే మాట వారం పది రోజుల్లో తెగే బేరాలకే సరిపోతుంది.

నేరుగా సేల్స్ హెడ్‌నే తీసుకుంటే జట్టుని అతనే కట్టుకుంటాడు కదా?

అమ్మేవాళ్లు ఇద్దరు ముగ్గురు లేనిచోట హెడ్‌కి పని ఉండదు. చాలామంది హెడ్‌లు స్వయంగా ఫోన్ పట్టుకుని చాలా ఏళ్లయి ఉంటుంది. మొదట అమ్మే మనిషిని తీసుకోండి.

కస్టమర్లను వెతికే మనిషి వేరు, బేరం ముగించే మనిషి వేరు అంటారు. నాకెవరు కావాలి?

మీ ఇబ్బంది ఎక్కడుందో చూడండి. మాట్లాడటానికి ఎవరూ దొరకడం లేదా, దొరికినవాళ్లు కొనడం లేదా? మీరు ఎదురుగా కూర్చుంటే బేరం తెగుతోంది, కూర్చునే అవకాశాలే తక్కువ అంటే వెతికి అపాయింట్‌మెంట్లు తెచ్చే మనిషి చాలు. జీతమూ తక్కువే. ఎంక్వయిరీలు వస్తున్నా ఫాలోఅప్ చేసే తీరిక లేక చల్లారిపోతున్నాయంటే ముగించే మనిషి కావాలి. పాత కస్టమర్లను చూసుకునే పని మూడో రకం. దాన్ని కొత్త కస్టమర్ల వేటతో కలిపి ఒక్కరికే అప్పగిస్తే వేట మూలపడుతుంది. తెలియని కంపెనీకి ఫోన్ చేసి కాదనిపించుకోవడం కన్నా తెలిసిన కస్టమర్ దగ్గరికి వెళ్లి కబుర్లు చెప్పడం ఎవరికైనా హాయే.

ఒకేసారి ఇద్దరిని పెట్టుకోమని సలహా ఇస్తున్నారు. అంత అవసరమా?

స్తోమత ఉంటే మంచిదే. ఒక్కరే ఉండి అమ్మలేకపోతే లోపం మనిషిదా సరుకుదా అన్నది తేలదు. ఇద్దరిలో ఒకరు అమ్మి ఇంకొకరు అమ్మలేకపోతే కొంత తెలుస్తుంది, ఇద్దరూ అమ్మలేకపోతే ఇంకా ఎక్కువ తెలుస్తుంది. కానీ ఇద్దరికీ సరిపడా ఎంక్వయిరీలు, నేర్పడానికి మీ సమయం ఉండాలి. అవి లేకుండా ఇద్దరిని పెడితే ఇద్దరూ పస్తులే.

## వెతకడం, ఎంచుకోవడం

పెద్ద కంపెనీలో టాప్ సేల్స్‌మన్ మా దగ్గరికి వస్తానంటున్నాడు. కళ్లు మూసుకుని తీసుకోవచ్చా?

కళ్లు తెరిచే తీసుకోండి. పెద్ద కంపెనీ పేరు చెబితే ఫోన్ ఎత్తుతారు. మార్కెటింగ్ వాళ్లు లీడ్స్ (కొనే అవకాశమున్న కంపెనీల వివరాలు) పంపుతారు, టెక్నికల్ మనిషి పక్కన కూర్చుని డెమో ఇస్తాడు, కొటేషన్ ఇంకెవరో తయారుచేస్తారు. మీ దగ్గర ఇవన్నీ అతనొక్కడే చేయాలి. అందుకని ఎంత అమ్మావని మాత్రమే అడిగి ఊరుకోకండి. లీడ్ ఎక్కడినుంచి వచ్చింది, అందులో నువ్వు స్వయంగా వెతికినవి ఎన్ని, అదే జట్టులో టార్గెట్ చేరినవాళ్లు ఎంతమంది అని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది చేరిన టార్గెట్ అయితే అతని ఘనత కొంచెమే. పదిమందిలో ఇద్దరే చేరినచోట ఆ ఇద్దరిలో ఒకడు దొరికితే వదలకండి.

ఇంటర్వ్యూలో అందరూ బాగానే మాట్లాడుతున్నారు. అసలు మనిషిని ఎలా కనిపెట్టాలి?

మాట్లాడటమే వాళ్ల వృత్తి కాబట్టి ఇంటర్వ్యూలో మెప్పించడం పెద్ద విశేషం కాదు. పిచ్చాపాటీ ఇంటర్వ్యూ కన్నా, అందరికీ ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో వేసి మార్కులు వేసే ఇంటర్వ్యూ పనితనాన్ని బాగా పట్టిస్తుందని ఉద్యోగ నియామకాల మీద జరిగిన పరిశోధన చాలాకాలంగా చెబుతోంది. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసినప్పుడూ ఇదే తేలింది. 2022లో శాకెట్ బృందం ఆ లెక్కలనే సవరించి చూసినప్పుడు ఇలాంటి ఇంటర్వ్యూ మొదటి స్థానంలో నిలిచింది.

అడగాల్సినవాటిలో నాకు బాగా ఉపయోగపడే ప్రశ్న ఇది: "చేయిదాకా వచ్చి జారిపోయిన ఒక బేరం మొదటి నుంచి చివరిదాకా చెప్పండి." నిజంగా అమ్మిన మనిషి ఎవరు అడ్డుపడ్డారు, ఏ నెలలో అనుమానం వచ్చింది, పోటీవాడు ఏ ధర వేశాడు, అన్నీ వరసగా చెబుతాడు. లేనివాడు "బడ్జెట్ లేదన్నారండీ" అని ఆగిపోతాడు. తర్వాత అంకెలు: సగటు ఆర్డర్ ఎంత, ఎన్నాళ్లు పట్టేది, పది కొటేషన్లకి ఎన్ని ఆర్డర్లు. తన పని తనకి తెలిసినవాడు ఇవి తడుముకోకుండా చెప్పగలడు.

చివరగా చిన్న పరీక్ష. మీరే కస్టమర్‌గా కూర్చుని అతనితో మొదటి ఫోన్ మాట్లాడించండి. ఎన్ని ప్రశ్నలు అడిగాడో, ఎంతసేపు విన్నాడో గమనించండి. అయ్యాక ఒక లోపం చెప్పి మళ్లీ చేయమనండి. రెండోసారి మార్పు కనిపించిందా లేదా అన్నది మొదటిసారి ఎంత బాగా చేశాడన్నదాని కన్నా ముఖ్యం. ప్రపోజల్ రాయడంలాంటి పెద్ద పని చేయిస్తే దానికి డబ్బివ్వండి.

పోటీ కంపెనీలో చేస్తున్నాడు, కస్టమర్ల లిస్టు తెస్తానంటున్నాడు. లాభమే కదా?

ఆ లిస్టు అతని సొత్తు కాదు. తీసుకుంటే వ్యాపార రహస్యాల కేసులో మీరూ ఇరుక్కోవచ్చు. అక్కడినుంచి ఇక్కడికి తెచ్చినవాడు ఇక్కడినుంచి ఇంకోచోటికి తీసుకెళ్తాడన్నది వేరే చెప్పక్కర్లేదు. ఆ రంగం తెలిసిన మనిషిగా తీసుకోండి, లిస్టు వద్దని ఆఫర్ లెటర్‌లోనే రాయండి. పాత ఉద్యోగ ఒప్పందంలో పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఉందేమో, అది మీ దేశంలో చెల్లుతుందో లేదో లాయర్‌ని అడగండి.

మా రంగంలో అనుభవం తప్పనిసరా?

సరుకు మూడు నెలల్లో నేర్పవచ్చు. అమ్మే పద్ధతి నేర్పడం కష్టం. అందుకే అదే రంగం కన్నా అలాంటి బేరం చేసిన అనుభవం చూడండి: ఆర్డర్ సైజు, పట్టే కాలం, నిర్ణయించే మనుషుల సంఖ్య మీ బేరాలకు దగ్గరగా ఉండాలి. ఒక్క ఫోన్‌లో తేలిపోయే అమ్మకాలకు అలవాటుపడిన వ్యక్తిని ఆరు నెలలు సాగే బేరంలో పెడితే రెండో నెలకే విసిగిపోతారు. సరుకు బాగా టెక్నికల్ అయి, కొనేది ఇంజినీర్లయితే మాత్రం రంగం తెలిసినవాళ్లకే మొగ్గు చూపండి.

## జీతం, కమిషన్

జీతం ఏమీ లేకుండా కమిషన్ మీదే పెట్టుకుంటే నాకు రిస్కు ఉండదు కదా?

రిస్కు మొత్తం అతని మీద వేశారు కాబట్టి, అది మోయగలిగినవాళ్లు మాత్రమే వస్తారు: వేరే ఆదాయం ఉన్నవాళ్లు, నాలుగు కంపెనీల సరుకు సంచిలో పెట్టుకు తిరిగే ఏజెంట్లు, ఇంకెక్కడా ఉద్యోగం దొరకనివాళ్లు. వీళ్లలో ఏజెంట్లు పనికొస్తారు. ఇప్పటికే మీ కస్టమర్ల దగ్గరికి రోజూ వెళ్తున్నవాళ్లయితే మరీను. కానీ వాళ్ల సంచిలో ఏది తేలిగ్గా అమ్ముడుపోతే అదే ముందు బయటికి తీస్తారు. ఈ రిపోర్టు రాయి, ఆ మీటింగ్‌కి రా అని ఆజ్ఞాపించే హక్కు మీకుండదు.

చట్టం కూడా చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో 1986 నాటి ఆదేశం ప్రకారం సరుకు అమ్మే కమర్షియల్ ఏజెంట్‌ని తీసేసినప్పుడు కొన్ని పరిస్థితుల్లో పరిహారం ఇవ్వాల్సి వస్తుంది. కొన్నిచోట్ల పూర్తికాలం పనిచేయించుకుని జీతం లేదంటే కనీస వేతన చట్టం అడ్డొస్తుంది.

మొత్తంలో జీతం ఎంత, కమిషన్ ఎంత ఉండాలి?

టార్గెట్ సరిగ్గా చేరితే ఏడాదికి చేతికొచ్చే మొత్తాన్ని 100 అనుకోండి. వ్యక్తి ప్రభావం బాగా ఉండే, త్వరగా తెగే బేరాలకి సగం జీతం సగం కమిషన్ పెడతారు. 60కి 40 కూడా మామూలే. బేరం నెలల తరబడి సాగి, టెక్నికల్ మనుషులూ యజమానీ అందరూ చేయివేయాల్సి వస్తే 70కి 30 నప్పుతుంది. చిన్న కంపెనీలో మొదటి మనిషికి జీతం వైపు కాస్త ఎక్కువ మొగ్గడమే నయమని నా అభిప్రాయం. మీ ధర, మీ బ్రోషర్, మీ డెలివరీ ఇంకా కుదురుకోలేదు. వాటి లోపాలకి అతని ఇంటి ఖర్చు కోయడం న్యాయం కాదు, పైగా మంచివాడు ఆగడు.

టార్గెట్ ఎంత పెట్టాలో అంతు పట్టడం లేదు. ఏదైనా లెక్క ఉందా?

మీ ఆశల నుంచి కాకుండా మార్జిన్ (అమ్మిన ధరలో సరుకు ఖర్చు పోగా మీకు మిగిలేది) నుంచి మొదలుపెట్టండి. మనిషికి టార్గెట్ చేరితే 100 ఇస్తారు (60 జీతం, 40 కమిషన్). ప్రయాణాలూ పన్నులూ సాఫ్ట్‌వేరూ కలిపి ఇంకో 20. మొత్తం 120. టార్గెట్ 500 అనుకుంటే కమిషన్ రేటు 40ని 500తో భాగించగా 8 శాతం.

మీ మార్జిన్ 40 శాతమైతే 500 అమ్మకం మీద 200 వస్తుంది, 120 పోగా 80 మిగులుతుంది. అదే మార్జిన్ 20 శాతమైతే వచ్చేది 100, ఖర్చు 120. అతను టార్గెట్ చేరినా మీకు నష్టమే. అప్పుడు 1000 అమ్మగలిగే పరిస్థితి ఉందా, లేక ఇంత ఖరీదైన మనిషి మీ సరుకుకి తగడా అన్నది తేల్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టార్గెట్‌ని ఆ మనిషికి ఇచ్చే మొత్తానికి (జీతం, కమిషన్ కలిపి) నాలుగైదు రెట్లు పెట్టే వాడుక ఉంది. మార్జిన్ తక్కువున్న సరుకులకి ఆ రెట్లు చాలవు.

ఆ అంకె సాధ్యమేనా అన్నది వెనక్కి లెక్కపెట్టి చూడండి. సగటు ఆర్డర్ 10 అయితే 500కి 50 ఆర్డర్లు. నాలుగు కొటేషన్లకి ఒకటి తెగితే 200 కొటేషన్లు, అంటే వారానికి నాలుగు. ఒక్క మనిషి వారానికి నాలుగు గట్టి కొటేషన్లు ఇవ్వగలడా? లేదంటే టార్గెట్ కాగితం మీదే ఉంటుంది.

కమిషన్ అమ్మకం మీద ఇవ్వాలా, లాభం మీద ఇవ్వాలా?

ధర తగ్గించే అధికారం అతనికి లేకపోతే అమ్మకం మీద ఇవ్వండి, లెక్క తేలిక. ఉంటే మాత్రం మార్జిన్ మీదే ఇవ్వండి. 100కి అమ్మే వస్తువు మీకు 70కి పడుతోందనుకోండి. అతను 10 శాతం డిస్కౌంట్ ఇస్తే మీ మార్జిన్ 30 నుంచి 20కి, అంటే మూడో వంతు పడిపోతుంది. అమ్మకం మీద 5 శాతం కమిషన్ అయితే అతనికి 5 బదులు 4.5 వస్తుంది. మీకు మూడో వంతు నష్టం, అతనికి పదో వంతు. ఇలాంటప్పుడు డిస్కౌంట్ ఇచ్చి త్వరగా ముగించడమే అతనికి తెలివైన పని. అతన్ని తిట్టి లాభం లేదు, అలా చేయమని మీ పథకమే చెబుతోంది.

మార్జిన్ అంకెలు బయటపెట్టడం ఇష్టంలేకపోతే మెట్లు పెట్టండి: పూర్తి ధరకి అమ్మితే 8 శాతం, 5 శాతం లోపు డిస్కౌంట్‌కి 6, అంతకు మించితే 3, అదీ మీ అనుమతితోనే.

కమిషన్ ఎప్పుడివ్వాలి? ఆర్డర్ రాగానేనా, డబ్బు వచ్చాకా?

చిన్న కంపెనీకి వసూలయ్యాక ఇవ్వడమే క్షేమం. కట్టలేని కస్టమర్‌కి అమ్మకుండా అతనూ జాగ్రత్తపడతాడు. కానీ మీ డెలివరీ ఆలస్యమై కస్టమర్ డబ్బు ఆపితే ఆ శిక్ష అతనికెందుకు? అందుకని సగం ఆర్డర్ మీద, సగం వసూలు మీద ఇవ్వడం చాలాచోట్ల కుదిరే రాజీ. ఆర్డర్ రద్దయితే మొదటి సగం తర్వాతి కమిషన్ నుంచి సర్దుబాటు చేస్తామని, అది ఎన్ని నెలల వరకు వర్తిస్తుందని ముందే రాయండి. ఏది ఎంచుకున్నా నెలలో ఒక తేదీ పెట్టి ఆ తేదీ తప్పకండి. కమిషన్ రేటు తక్కువని మానేసేవాళ్ల కన్నా, ఇస్తామన్నది అడిగించుకుని ఇస్తున్నారని మానేసేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

చేరిన మొదటి నెలల్లో కమిషన్ ఎలాగూ రాదు. అప్పటిదాకా ఏం చేయాలి?

రెండు దారులు. ఒకటి, మొదటి మూడు నాలుగు నెలలు కమిషన్‌లో కొంత భాగాన్ని హామీగా ఇచ్చేయడం, తిరిగి అడగకపోవడం. రెండోది అడ్వాన్స్‌గా ఇచ్చి తర్వాత వచ్చే కమిషన్‌లో కోసుకోవడం. రెండోది కాగితం మీద ముచ్చటగా ఉంటుంది గానీ, ఆరు నెలలకి బాకీ పేరుకుపోయిన మనిషి దాన్ని తీర్చడం కన్నా ఉద్యోగం మారడం తేలికని గ్రహిస్తాడు. హామీ తక్కువ నెలలకే ఇవ్వండి, తిరిగి అడగకండి. టార్గెట్ కూడా మెల్లగా ఎక్కాలి: మొదటి మూడు నెలలు సున్నా, తర్వాతి మూడు నెలలు పావు వంతు, ఆ పైన సగం, ఆ తర్వాతే పూర్తిది.

కమిషన్‌కి గరిష్ఠ పరిమితి పెట్టవచ్చా? నాకన్నా ఎక్కువ సంపాదించేలా ఉన్నాడు.

మార్జిన్ లెక్క సరిగ్గా వేసి ఉంటే అతను ఎంత సంపాదిస్తే మీకంత మిగులుతుంది. పరిమితి పెడితే అది చేరిన రోజున అమ్మడం ఆపేస్తాడు, లేదా ఆర్డర్లను వచ్చే ఏడాదికి తోస్తాడు. 1962లో ఐబీఎం కంప్యూటర్ కంపెనీలో సేల్స్ ఉద్యోగిగా ఉన్న రాస్ పెరో ఏడాది టార్గెట్ జనవరిలోనే ముగించేశాడు. కమిషన్‌కి పరిమితి ఉండటంతో అమ్మడానికి ఇంకేం మిగల్లేదు. అదే ఏడాది బయటికొచ్చి ఈడీఎస్ అనే కంప్యూటర్ సేవల కంపెనీ పెట్టాడు, 1984లో దాన్ని జనరల్ మోటార్స్ కొనుక్కుంది.

అనుకోకుండా తగిలే భారీ ఆర్డర్ గురించి భయమైతే, టార్గెట్‌లో సగానికి మించిన ఒకే ఆర్డర్‌కి రేటు విడిగా మాట్లాడుకుంటామని ముందే ఒక వాక్యం రాసుకోండి. ఆర్డర్ వచ్చాక రాస్తే అది మోసమే.

రోజుకి ఇన్ని ఫోన్లు, ఇన్ని మీటింగ్‌లు అని లెక్కపెట్టి ఇన్సెంటివ్ ఇస్తే?

దేనికి డబ్బిస్తే అది వస్తుంది, నిజమైనదో కాదో తర్వాతి సంగతి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది టార్గెట్ల ఒత్తిడిలో ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేరిట లక్షల ఖాతాలు తెరిచారని 2016లో బయటపడింది. ఫోన్ల సంఖ్య గమనించండి, దాని గురించి మాట్లాడండి, డబ్బు మాత్రం ముడిపెట్టకండి. అపాయింట్‌మెంట్లు తేవడమే ఉద్యోగమైన మనిషికి, జరిగిన మీటింగ్‌కి, అదీ మీరు ముందే రాసిపెట్టిన అర్హతలున్న కంపెనీతో జరిగితేనే ఇవ్వండి.

నా పాత కస్టమర్లు మళ్లీ ఆర్డరిస్తే అతనికి కమిషన్ ఇవ్వాలా?

చేరిన రోజున మీ చేతిలో ఉన్న కస్టమర్ల పేర్లు ఆఫర్ లెటర్‌కి జతచేయండి. వాటి మీద ఇవ్వక్కర్లేదు, లేదా చూసుకుంటున్నందుకు కొద్దిగా ఇవ్వవచ్చు. అతను తెచ్చిన కస్టమర్ మళ్లీ కొంటే మొదటి ఏడాది పూర్తి రేటు, ఆపైన తక్కువ రేటు ఇవ్వడం సబబు. ఎప్పటికీ పూర్తి రేటే ఇస్తే మూడో ఏటికి కొత్తవాళ్ల కోసం కాలు కదపడు.

ప్రయాణ ఖర్చులు కమిషన్‌లోనే కలిపేయవచ్చా?

వద్దు. సొంత డబ్బుతో తిరగాల్సి వస్తే దూరపు కస్టమర్ దగ్గరికి వెళ్లడు. బిల్లు తీసుకుని ఆ నెలలోనే ఇచ్చేయండి.

## చేరిన తర్వాత

మొదటి నెలలో ఏం చేయించాలి?

చేరింది ఒక మహిళ అనుకుందాం. మీతో పాటు తిప్పండి. మొదటి రెండు వారాలు మీరు మాట్లాడండి, ఆమె వింటుంది. తర్వాతి రెండు వారాలు ఆమె మాట్లాడాలి, మీరు నోరు కట్టేసుకోవాలి. ఇది యజమానులకి మహా కష్టం. కస్టమర్ మీ వైపు తిరిగి అడిగిన ప్రతిసారీ మీరే జవాబిస్తే, ఆమె ఒట్టి మధ్యవర్తి అని వాళ్లకి అర్థమైపోతుంది. పాత కస్టమర్లు ముగ్గురు నలుగురితో "మీరు ఎందుకు కొన్నారు" అని ఆమె చేతే అడిగించండి. అందులో దొరికే మాటలు బ్రోషర్‌లో దొరకవు.

"పైప్‌లైన్‌లో బోలెడున్నాయి సార్" అంటాడు, ఆర్డర్ ఒక్కటీ రాదు. ఎలా నమ్మాలి?

పైప్‌లైన్ అంటే ఇంకా తెగకుండా నడుస్తున్న బేరాల లిస్టు. అందులో ప్రతి బేరానికీ మూడు అడగండి: నిర్ణయం తీసుకునే వ్యక్తితో ఎప్పుడు మాట్లాడావు, కస్టమర్ ఒప్పుకున్న తర్వాతి పని ఏమిటి, దాని తేదీ ఏది. "వచ్చే వారం కనుక్కుంటా" అన్నది అతని పనేగానీ కస్టమర్ ఒప్పుకున్నది కాదు. తేదీ లేని బేరాలన్నీ లిస్టులోంచి కొట్టేస్తే మిగిలిందే అసలు పైప్‌లైన్. నాలుగింటిలో ఒకటి తెగే అలవాటుంటే, ఆ మిగిలింది టార్గెట్‌కి నాలుగు రెట్లుండాలి.

కస్టమర్ల నంబర్లు, మాటలన్నీ అతని సొంత ఫోన్‌లోనే ఉన్నాయి. ఫరవాలేదా?

అతను మానేసిన రోజున మీ వ్యాపారంలో ఒక ముక్క అతనితోపాటు వెళ్తుంది. కంపెనీ నంబరు, కంపెనీ మెయిల్ మొదటి రోజే ఇవ్వండి. ఖరీదైన సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు దాచే సాఫ్ట్‌వేర్) అక్కర్లేదు, అందరికీ కనిపించే ఒక షీట్ చాలు. షీట్‌లో లేని బేరానికి కమిషన్ లేదని నియమం పెడితే రోజూ గుర్తుచేయక్కర్లేదు.

## తేడా వచ్చినప్పుడు

ఎన్నాళ్లు ఆగి చూడాలి?

మీ బేరం తెగడానికి నాలుగు నెలలు పడితే మూడో నెలలో ఆర్డర్ లేదని తీసేయడం తొందరపాటు. కానీ మూడో నెలకి కొత్త పేర్లు, నిర్ణయం తీసుకునేవాళ్లతో మీటింగ్‌లు, బయటికెళ్లిన కొటేషన్లు కనిపించాలి. అవీ లేకపోతే ఎనిమిదో నెలలో అద్భుతం జరగదు. ఏం మారాలో రాసి ఇచ్చి, నెల గడువు పెట్టి, చట్టప్రకారం నోటీసు ఇచ్చి తేల్చండి.

కమిషన్ పథకం తప్పుగా పెట్టానని తెలిసింది. మధ్యలో మార్చవచ్చా?

ముందుకు మార్చండి, వెనక్కి మార్చకండి. ఇప్పటికే కొటేషన్ ఇచ్చిన బేరాలకి పాత రేటు, ఫలానా తేదీ తర్వాత మొదలైనవాటికి కొత్తది. కారణం, అంకెలు దాచకుండా చెప్పి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. మొదటి పథకాన్నే ఆరు నెలలకు పరిమితం చేస్తే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది.

మానేసి వెళ్లాక వచ్చిన ఆర్డర్లకి కమిషన్ అడుగుతున్నాడు. ఇవ్వాలా?

ఒప్పందంలో ఏముంటే అది, మీ దేశపు చట్టానికి లోబడి. ఏమీ రాసుకోకపోతే గొడవ ఖాయం. సాధారణంగా కుదిరే పద్ధతి ఇది: వెళ్లే రోజుకి ఆర్డర్ వచ్చేసినవాటికి డబ్బు వసూలయ్యాక పూర్తి కమిషన్, కొటేషన్ దశలో ఉన్నవి 60 లేదా 90 రోజుల్లో తెగితే సగం, మిగతా సగం వాటిని ముగించిన మనిషికి. వెళ్లేముందు ఇద్దరూ కూర్చుని ఆ లిస్టు మీద సంతకాలు చేసుకోండి.

ముగ్గురిని మార్చాను, ఎవరూ అమ్మలేకపోయారు. నాలుగోవాడినైనా సరిగ్గా ఎలా ఎంచుకోవాలి?

కొన్నాళ్లు ఎవర్నీ ఎంచుకోకండి. ముగ్గురూ ఒకేచోట ఆగిపోయారా అని వాళ్లు వదిలివెళ్లిన నోట్స్ చూడండి. ధర విన్నాకా, డెమో అయ్యాకా, అసలు మీటింగే దొరకలేదా? దొరక్కపోతే మీరు వెతుకుతున్న కంపెనీలు తప్పు. డెమో తర్వాత ఆగితే సరుకులో ఏదో లోటు. ధర దగ్గర ఆగితే మీరు ఇంతకుముందు అదే ధరకి అమ్మినవాళ్లకీ వీళ్లకీ తేడా ఏమిటో చూడాలి. కొనకుండా వెళ్లినవాళ్లలో పదిమందికి మీరే ఫోన్ చేయండి. అమ్మడానికి కాదు, ఎందుకు వద్దన్నారో అడగడానికి. యజమాని అడిగితే సేల్స్ మనిషికి చెప్పని కారణాలు కొన్ని బయటికొస్తాయి. అవి సరిచేశాక మొదటి రెండు మూడు ఆర్డర్లు మీ చేత్తోనే తీసుకుని, అప్పుడు ప్రకటన ఇవ్వండి.